రక్తంలో ఆమ్లం: ఆరంగ్ పొలాల నుంచి కోపెన్‌హాగన్ వార్డుల దాకా



రాయపూర్ నుంచి తూర్పుగా సంబల్‌పూర్ వైపు వెళ్లే జాతీయ రహదారి మీద సుమారు 35 కిలోమీటర్లు పోతే ఆరంగ్ పట్టణం వస్తుంది. దానికి కాస్త అవతల మహానది. చరిత్ర విద్యార్థులకు ఈ ఊరు కొత్త కాదు. శరభపురీయ రాజు జయరాజు తామ్రశాసనం ఇక్కడ దొరికింది. నక్షత్రాకారపు పునాది మీద లేచిన భాండ్ దేవళ్ అనే జైన ఆలయం ఇప్పటికీ నిలిచి ఉంది. గర్భగుడిలో నల్లరాతి తీర్థంకరులు ముగ్గురు నిలబడి ఉంటారు. ఊరి చుట్టూ వరిపొలాలు. ఛత్తీస్‌గఢ్‌ను 'ధాన్ కా కటోరా', అంటే ధాన్యపు గిన్నె అంటారు కదా, ఆ గిన్నెలో ఇదొక భాగం.

ఈనాటి పాఠం మాత్రం రాతి గురించి, రాగిరేకుల గురించి కాదు. ఈ ప్రాంతపు మనుషుల రక్తంలో వేల ఏళ్లుగా తరం నుంచి తరానికి అందుతూ వస్తున్న ఒక చిన్న మార్పు గురించి, ఆ మార్పును ప్రమాదంగా మార్చే కారణాల్లో ఒకటైన రక్తపు ఆమ్లత్వం గురించి. అసలు రక్తం ఆమ్లమా, క్షారమా అనే ప్రశ్నను మనుషులు ఎలా తేల్చుకున్నారో ముందు తెలుసుకుందాం. తర్వాత మళ్లీ ఆరంగ్‌కు వద్దాం.

మొదట ఒక అపోహ. మండువేసవిలో ఛత్తీస్‌గఢ్ రైతు పొలానికి వెళ్లేముందు 'బోరే బాసీ' తింటాడు. రాత్రి అన్నంలో నీళ్లు పోసి ఉంచితే తెల్లవారేసరికి కాస్త పులుస్తుంది. మన చద్దన్నానికి, తరవాణికి అది చుట్టమే. పులుపు ఎక్కువ తింటే రక్తం విరిగిపోతుందని ఇంట్లో పెద్దవాళ్లు అనడం మీరు విని ఉండవచ్చు. అది నిజం కాదు. మన కడుపులోనే చింతపండు కంటే ఎంతో గాఢమైన హైడ్రోక్లోరిక్ ఆమ్లం రోజూ ఊరుతుంది. అయినా రక్తం తన పీహెచ్‌ను 7.35కీ 7.45కీ మధ్యే ఉంచుకుంటుంది. అంటే ఆరోగ్యవంతుడి రక్తం స్వల్పంగా క్షారగుణం కలది.

ఆ అంకెల మధ్య తేడా చాలా తక్కువ కదా అని తేలిగ్గా తీసుకోకండి. పీహెచ్ అనేది సంవర్గమాన కొలత. 7.4 నుంచి 7.1కు దిగితే, అంటే కేవలం 0.3 తగ్గితే, రక్తంలో హైడ్రోజన్ అయాన్లు రెట్టింపయ్యాయని అర్థం. 6.8 కంటే కిందికి దిగినా, 7.8 కంటే పైకి పోయినా మనిషి బతకడం చాలా కష్టం. ఆమ్లత్వం పెరిగితే శ్వాస లోతుగా, వేగంగా మారుతుంది. గుండె కండరం బలహీనపడుతుంది. కణాల్లోని పొటాషియం రక్తంలోకి వచ్చి గుండె లయను చెడగొట్టవచ్చు. మగత కమ్ముకొస్తుంది, చివరికి స్పృహ పోతుంది. దీనికి వ్యతిరేకంగా క్షారత్వం పెరిగితే రక్తంలో స్వేచ్ఛగా ఉండే కాల్షియం అయాన్లు తగ్గుతాయి. పెదవుల చుట్టూ తిమ్మిరి, వేళ్లు కొంకర్లు పోవడం మొదలవుతాయి. పరీక్ష హాలులో భయంతో గబగబా ఊపిరి తీసి వేళ్లు బిగుసుకుపోయిన విద్యార్థిని మీరు చూసే ఉంటారు. ఆ కాసేపట్లో అతను కార్బన్ డయాక్సైడ్‌ను అవసరానికి మించి వదిలేశాడు, అంతే జరిగింది.

ఈ సంగతులు కనిపెట్టిన కథ ప్రయోగశాలలో కంటే ముందు కలరా గదుల్లో మొదలైంది. 1831 చివర్లో కలరా ఇంగ్లండ్‌కు చేరింది. అప్పటికి ఇరవైల్లో ఉన్న విలియం బ్రూక్ ఓషానెస్సీ అనే యువ వైద్యుడు రోగుల రక్తాన్ని తీసుకుని పరీక్షించాడు. రక్తంలో నీరు విపరీతంగా తగ్గింది, ఉప్పులు తగ్గాయి, వాటితోపాటు స్వేచ్ఛగా ఉండవలసిన క్షారం కూడా తగ్గింది అని లాన్సెట్ పత్రికకు రాశాడు. పీహెచ్ అనే మాట పుట్టడానికి దాదాపు ఎనభై ఏళ్ల ముందు సంగతి ఇది! మరుసటి ఏడాది, 1832లో, స్కాట్లండ్‌లోని లీత్ పట్టణంలో థామస్ లట్టా ఈ మాటలను నమ్మి ఉప్పు, సోడా కలిపిన నీటిని నేరుగా రోగుల సిరల్లోకి ఎక్కించాడు. కళ్లు గుంటలు పడి, నాడి అందకుండా ఉన్న ఒక వృద్ధురాలు కొద్దిసేపట్లో లేచి కూర్చున్నంత పని చేసింది. వైద్యుడు అటు వెళ్లాక విరేచనాలు మళ్లీ మొదలై ఆమె చనిపోయింది. ఒకసారి ఎక్కిస్తే చాలదు, పోతున్నంతా పోస్తూనే ఉండాలి అన్నది అప్పటికి ఎవరికీ తట్టలేదు. లట్టా 1833లో మరణించాడు. ఆ చికిత్స మరుగున పడింది.

ఓషానెస్సీ మాత్రం మన దేశానికి వచ్చాడు. కలకత్తా వైద్య కళాశాలలో రసాయనశాస్త్రం చెప్పాడు. ఆ తర్వాత భారతదేశపు తొలి టెలిగ్రాఫ్ తీగలు వేయించినవాడు కూడా ఆయనే. తీగల చరిత్రలో ఆయన పేరు ఉంటుంది, రక్తం చరిత్రలో మాత్రం తరచుగా మరచిపోతారు. నన్నడిగితే రెండోదే పెద్ద పని.

డెబ్బై ఏళ్లకు పైగా గడిచాక కలకత్తాలోనే లియొనార్డ్ రోజర్స్ సెలైన్‌ను మళ్లీ వాడుకలోకి తెచ్చాడు. గాఢమైన ఉప్పునీటితో మరణాలు అంతకు ముందున్న సుమారు 60 శాతం నుంచి దాదాపు సగానికి దిగాయి. కానీ బతికి బయటపడ్డామనుకున్న రోగుల్లో కొందరికి మూత్రం ఆగిపోయి, గాఢంగా ఊపిరి తీస్తూ చనిపోయేవారు. 1910లో మనీలాలో పనిచేస్తున్న ఆండ్రూ సెల్లార్డ్స్ ఆ రోగుల శరీరం క్షారాన్ని ఎంత ఇచ్చినా తాగేస్తోందని గమనించాడు. అంటే వారి రక్తంలో ఆమ్లత్వం పెరిగిపోయింది. కలరా విరేచనాలతోపాటు పోయేది నీరూ ఉప్పూ మాత్రమే కాదు, బైకార్బొనేట్ కూడా. సెలైన్‌కు వంటసోడా చేర్చగానే మరణాలు ఇంకా తగ్గాయి. లట్టా 1832లో తన సీసాలో కలిపిన సోడా ఎనభై ఏళ్ల తర్వాత తిరిగి వచ్చిందన్నమాట.

1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో, పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్‌లో, డాక్టర్ దిలీప్ మహలనబిస్ గ్లూకోజ్, ఉప్పు, వంటసోడా కలిపిన నీటిని నోటి ద్వారా తాగించి వేలమందిని కాపాడాడు. ఈసారి ఇంట్లో ఓఆర్‌ఎస్ ప్యాకెట్ కనిపిస్తే వెనక అచ్చువేసిన జాబితా చదవండి. అందులో ట్రైసోడియం సిట్రేట్ అని ఉంటుంది. ప్యాకెట్ ఎక్కువకాలం పాడవకుండా ఉండేందుకు 1980లలో సోడా బదులు దీన్ని చేర్చారు. సిట్రేట్ అంటే నిమ్మపులుపులో ఉండే ఆమ్లపు లవణమే. శరీరంలో అది బైకార్బొనేట్‌గా మారి రక్తపు ఆమ్లత్వాన్ని తగ్గిస్తుంది! పులుపు గురించిన అపోహకు ఇంతకంటే మంచి జవాబు ఏముంటుంది?

కలరా వైద్యులు ఇలా తడుముకుంటూ వెళుతున్న కాలంలోనే మరోవైపు ప్రయోగశాలల్లో సిద్ధాంతం తయారవుతోంది. 1908లో హార్వర్డ్‌లో లారెన్స్ హెండర్సన్ కార్బానిక్ ఆమ్లం, బైకార్బొనేట్ కలిసి రక్తాన్ని ఎలా కాపాడతాయో సమీకరణంగా రాశాడు. 1909లో కోపెన్‌హాగన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో సోరెన్‌సెన్ పీహెచ్ కొలమానాన్ని ప్రవేశపెట్టాడు. బీరు తయారీ సంస్థ పెట్టిన ప్రయోగశాల అది! 1916లో హాసెల్‌బాల్క్ ఆ రెండింటినీ కలిపాడు. మీరు పుస్తకంలో చదివే హెండర్సన్–హాసెల్‌బాల్క్ సమీకరణం అదే. సారాంశం తేలిక. రక్తంలో బైకార్బొనేట్‌కూ కార్బానిక్ ఆమ్లానికీ మధ్య 20కి 1 నిష్పత్తి ఉన్నంతకాలం పీహెచ్ 7.4 దగ్గర నిలుస్తుంది. ఆమ్లం వైపును ఊపిరితిత్తులు నిమిషాల్లో సర్దుతాయి, బైకార్బొనేట్ వైపును మూత్రపిండాలు గంటలు, రోజులు తీసుకుని సర్దుతాయి.

ఇక్కడ మనవాడొకరు తటస్థపడతారు. మూత్రపిండాలు ఆమ్లాన్ని బయటికి పంపే మార్గాల్లో ఫాస్ఫేట్ ముఖ్యమైనది. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కే దీని మీద పనిచేశాడు. ఫాస్ఫరస్‌ను రక్తంలో, మూత్రంలో కచ్చితంగా కొలిచే పద్ధతి కావలసి వచ్చింది. 1923లో బోస్టన్ చేరిన యల్లాప్రగడ సుబ్బారావు, భీమవరంలో పుట్టి మద్రాసు వైద్య కళాశాలలో చదివినవాడు, ఫిస్కేతో కలిసి 1925లో ఆ పద్ధతిని ప్రచురించాడు. ద్రావణంలో వచ్చే నీలిరంగు ఎంత గాఢంగా ఉందో చూసి ఫాస్ఫరస్ లెక్కకట్టడమే దాని కిటుకు. ఫిస్కే–సుబ్బారావు పద్ధతి అనే పేరుతో దశాబ్దాలపాటు ప్రపంచమంతా ఆసుపత్రి ప్రయోగశాలల్లో వాడారు. అదే పద్ధతితో వాళ్లిద్దరూ 1927లో కండరంలో ఫాస్ఫోక్రియాటిన్‌ను గుర్తించారు. కండరం కదలడానికి లాక్టిక్ ఆమ్లమే మూలమన్న అప్పటి నమ్మకం దానితో కదిలిపోయింది.

ఇక 1952 కోపెన్‌హాగన్. ఆ వేసవిలో నగరాన్ని పోలియో ముంచెత్తింది. బ్లెగ్‌డమ్ ఆసుపత్రిలో ఊపిరి కండరాలు చచ్చుబడిన తొలి 31 మంది రోగుల్లో 27 మంది చనిపోయారు. వారి రక్తంలో మొత్తం బైకార్బొనేట్ ఎక్కువగా ఉందని ప్రయోగశాల చెప్పింది. వైద్యులు దాన్ని క్షారత్వం అనుకున్నారు. మత్తువైద్యుడు బ్యోర్న్ ఇబ్సెన్ మాత్రం తిరగేసి ఆలోచించాడు. ఊపిరి సరిగా ఆడనివాడి రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోతుంది కదా, అయితే ఇది క్షారత్వం కాదు, ఆమ్లత్వమే! ఆగస్టు 27న పన్నెండేళ్ల బాలిక గొంతులో గొట్టం పెట్టి, రబ్బరు సంచి నొక్కుతూ చేత్తో గాలి పంపించాడు. చనిపోతుందనుకున్న పాప కోలుకుంది. రక్తపు పీహెచ్‌ను నేరుగా కొలిచి పౌల్ ఆస్ట్రుప్ ఆ ఊహ సరైనదేనని తేల్చాడు.

కానీ అంతమంది రోగులకు యంత్రాలెక్కడివి? వైద్య విద్యార్థులను పిలిచారు. సుమారు 1,500 మంది విద్యార్థులు వంతులవారీగా మంచం పక్కన కూర్చుని, రాత్రీ పగలూ వారాల తరబడి సంచులు నొక్కారు. మీ వయసువాళ్లే. కొందరి చేతుల్లోనే రోగులు కన్నుమూశారు. అయినా మరణాల శాతం సగానికి పైగా తగ్గింది. నేటి ఐసీయూ వార్డులన్నిటికీ ఆ వార్డే మొదలు అని చెబుతారు. రక్తపు ఆమ్లత్వాన్ని తప్పుగా చదవడం వల్ల ప్రాణాలు పోయాయి, సరిగా చదవడం వల్ల నిలిచాయి. అంకె అదే, అర్థం వేరు.

ఇప్పుడు మళ్లీ ఆరంగ్‌కు వద్దాం.

1910లో షికాగో వైద్యుడు జేమ్స్ హెరిక్ కరీబియన్ దీవుల నుంచి వచ్చిన ఒక విద్యార్థి రక్తంలో కొడవలి ఆకారపు ఎర్రకణాలను వర్ణించాడు. 1927లో హాన్, గిల్లెస్పీ అనే ఇద్దరు పరిశోధకులు ఈ కణాలు ఎప్పుడు వంగుతాయో పరీక్షించారు. ఆక్సిజన్ తీసేస్తే వంగాయి, తిరిగి ఇస్తే గుండ్రమయ్యాయి. మరో మాట కూడా తేలింది. రక్తంలో ఆమ్లత్వం పెరిగితే వంగడం సులువవుతుంది.

ఎందుకు? జవాబు 1904లోనే కోపెన్‌హాగన్‌లో క్రిస్టియన్ బోర్ ఇచ్చి ఉన్నాడు. ఆమ్లత్వం పెరిగినచోట హీమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను తేలిగ్గా వదిలేస్తుంది. పనిచేస్తున్న కండరానికి ఇది వరం. ఎక్కడ ఆమ్లం తయారవుతుందో అక్కడే ఆక్సిజన్ దిగుతుంది. కానీ సికిల్ హీమోగ్లోబిన్ ఉన్నవారికి ఇదే చిక్కు. ఆక్సిజన్ వదిలేసిన ఆ హీమోగ్లోబిన్ అణువులు ఒకదానికొకటి అతుక్కుని పొడవాటి పోగులుగా పేనుకుంటాయి. కణం కొడవలిలా వంగి, గట్టిపడి, సన్నని రక్తనాళాల్లో ఇరుక్కుంటుంది. రక్తం ఆగినచోట ఆక్సిజన్ ఇంకా తగ్గుతుంది, ఆమ్లం ఇంకా పెరుగుతుంది, మరికొన్ని కణాలు వంగుతాయి. ఎముకల్లో, కడుపులో, ఛాతీలో భరించలేని నొప్పి పుడుతుంది. రక్తం మెల్లగా, కాస్త ఆమ్లంగా పారే ప్లీహం, మూత్రపిండాల లోపలి భాగం మొదట దెబ్బతింటాయి. మూత్రపిండం నీటిని పట్టి ఉంచే శక్తి కోల్పోతుంది. మూత్రం ఎక్కువగా పోయి ఒంట్లో నీరు తగ్గుతుంది. మే నెల ఎండలో వరిపొలం గట్టు మీద నిలబడే మనిషికి దాని అర్థమేమిటో ఊహించండి.

ఈ రోగానికి మూలమైన మార్పులో కూడా 'ఆమ్లం' అనే మాటే ఉండటం విచిత్రం. 1949లో లైనస్ పౌలింగ్ బృందం విద్యుత్ క్షేత్రంలో ఈ హీమోగ్లోబిన్ వేరే వేగంతో కదులుతుందని చూపింది. అంటే దాని విద్యుదావేశం వేరు. కొద్ది ఏళ్లకు కేంబ్రిడ్జ్‌లో వెర్నన్ ఇంగ్రామ్ కారణం కనుక్కున్నాడు. బీటా గొలుసులో ఒకేఒక్క చోట గ్లుటామిక్ ఆమ్లం ఉండవలసిన స్థానంలో వేలిన్ చేరింది. ఒక ఆమ్లపు ముక్క తప్పిపోయింది, అంతే.

మన దేశంలో 1952లో లేమన్, కట్‌బుష్ నీలగిరి గిరిజనుల్లో ఈ లక్షణాన్ని గుర్తించారు. 1958 నాటికి మధ్య భారతం గురించి కూడా లాన్సెట్‌లో వ్యాసం వచ్చింది. దీన్ని గిరిజనుల జబ్బుగానే చూసే అలవాటు చాలాకాలం ఉంది. ఛత్తీస్‌గఢ్‌లో ఆ లెక్క సరిపోదు. అక్కడ మైదాన ప్రాంతపు వ్యవసాయ కులాల్లోనూ ఇది విరివిగా ఉంది. రాయపూర్ వైద్య కళాశాల పరిశోధకులు 2007 నుంచి 2010 దాకా మూడున్నర లక్షలకు పైగా పిల్లల రక్తం పరీక్షించారు. నూటికి తొమ్మిది మందికి పైగా వాహకులు, అంటే ఒక జన్యువు మాత్రమే మారినవారు. రెండు జన్యువులూ మారిన పిల్లలు ఏడువందల మందికి పైగా బయటపడ్డారు. వందమంది చదివే బడిలో తొమ్మిది మంది అన్నమాట. వారిలో చాలామందికి ఏ బాధా ఉండదు, కాబట్టి తెలియదు కూడా.

అంతమందిలో ఈ జన్యువు ఎందుకు నిలిచింది? 1954లో ఆంథొనీ ఆలిసన్ మలేరియా అని జవాబిచ్చాడు. వాహకుడి కణంలోకి మలేరియా పరాన్నజీవి చేరితే అది లాక్టిక్ ఆమ్లాన్ని తయారుచేస్తుంది, ఆక్సిజన్‌ను వాడేస్తుంది. ఆ కణం వంగుతుంది. వంగిన కణాన్ని శరీరం పరాన్నజీవితో సహా పట్టి తొలగిస్తుంది. ఒకే ఆమ్లత్వం వాహకుడైన బిడ్డను మలేరియా నుంచి కాపాడింది, రోగి అయిన బిడ్డను నొప్పితో మెలిపెట్టింది. మహానది తీరాన వరిమడులు, దోమలు, మలేరియా ఎంతకాలం కలిసి ఉన్నాయో తలచుకుంటే ఆశ్చర్యం కలగదు.

ఆమ్లమే కారణమైతే క్షారం ఇస్తే సరిపోదా అని మీరడగవచ్చు. వైద్యులూ అలాగే ఆలోచించారు. 1950లు, 60లలో సోడా, సిట్రేట్ ఇచ్చి చూశారు. 1974లో అమెరికాలో జరిగిన నియంత్రిత పరీక్షల్లో క్షారం వల్ల నొప్పి త్వరగా తగ్గలేదని తేలింది. ఒకసారి మొదలైన గొలుసును సోడా తెంచలేదు. మొదలవకుండా చూడటమే తెలివి. అందుకే తగినన్ని నీళ్లు తాగడం, జ్వరానికి వెంటనే చికిత్స తీసుకోవడం, అతిశ్రమ, అతిచలి, నీళ్లవిరేచనాలు ఒంట్లో నీటిని లాగేయకుండా జాగ్రత్తపడటం, డాక్టరు రాస్తే హైడ్రాక్సీయూరియా మాత్రలు మానకుండా వాడటం అవసరం. హైడ్రాక్సీయూరియా పుట్టుకకు ముందున్న పిండ హీమోగ్లోబిన్‌ను పెంచి పోగులు పేనుకోకుండా అడ్డుపడుతుంది. భారతదేశంలోని రోగుల్లో చాలామందికి ఆ పిండ హీమోగ్లోబిన్ సహజంగానే కొంత ఎక్కువ. అందువల్ల ఇక్కడ జబ్బు తేలికేనని చాలాకాలం అనుకున్నారు. ఆ మాట నమ్మి పిల్లలను ఆసుపత్రికి ఆలస్యంగా తీసుకురావడం మంచిది కాదు.

2023 జూలై 1న మధ్యప్రదేశ్‌లోని షాడోల్‌లో జాతీయ సికిల్ సెల్ రక్తహీనత నిర్మూలన కార్యక్రమం ప్రారంభమైంది. 17 రాష్ట్రాల్లో 40 ఏళ్లలోపు ఏడు కోట్ల మందిని పరీక్షించాలన్నది లక్ష్యం. ఛత్తీస్‌గఢ్‌తోపాటు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కూడా అందులో ఉన్నాయి. భిలాయి ఉక్కు కర్మాగారం రోజుల నుంచి ఛత్తీస్‌గఢ్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలు, ఇటు ఆదిలాబాద్, పాడేరు ఏజెన్సీ గ్రామాలు, అందరికీ ఇది సంబంధించిన విషయమే. తల్లిదండ్రులిద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. పెళ్లిమాటల్లో కార్డు అడిగితే అవమానంగా తీసుకునే ఇళ్లు ఉన్నాయి. వాహకుడు రోగి కాడు, అతని రక్తం 'చెడ్డది' కాదు అని చెప్పవలసినవాళ్లు మీరే, ఎందుకంటే పాఠం మీరు చదివారు.

బడిలో చేసే తొలి పరీక్ష చాలా చిన్నది. వేలికొన నుంచి తీసిన కొద్ది రక్తాన్ని ఆక్సిజన్‌ను లాగేసే రసాయనం ఉన్న గొట్టంలో వేస్తారు. వెనక నల్లగీతలు గీసిన తెల్లకాగితం పెడతారు. ద్రవం తేటగా ఉండి గీతలు కనిపిస్తే సికిల్ హీమోగ్లోబిన్ లేదు. పోగులు పేనుకుని ద్రవం మసకబారి గీతలు కనిపించకపోతే ఉంది. అది వాహకుడా, రోగా అన్నది ఈ గొట్టం చెప్పదు. దానికి రెండో నమూనాను ఎలక్ట్రోఫోరెసిస్‌కు పంపాలి, అంటే 1949లో పౌలింగ్ బృందం నడిచిన దారికే.